కరెంటు తిరిగొచ్చే దారి



పాత కారు నడిపేవాళ్ళు మీలో కొందరైనా ఉంటారు. ఈ అనుభవం మీకు ఎదురయ్యే ఉంటుంది. రాత్రి వేళ. లైట్లు వేసుకుని ఇంటికొస్తున్నారు. మలుపు దగ్గర ఎడమ ఇండికేటర్ వేశారు. టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది. దాంతోపాటే పెట్రోల్ మీటరు ముల్లు కూడా కొట్టుకుంటోంది. టిక్కుమన్నప్పుడల్లా లేస్తోంది, మళ్ళీ పడుతోంది. ఇండికేటర్ ఆపేశారు. ముల్లు నిలబడిపోయింది.

ట్యాంకులో పెట్రోల్ అలా ఎగిరెగిరి పడదు కదా. మరి ముల్లుకి ఏమైంది? ఇండికేటర్ బల్బుకీ పెట్రోల్ మీటరుకీ ఏమిటి చుట్టరికం?

ఆ చుట్టరికం పేరు ఎర్త్. ఈ పూట మీతో మాట్లాడబోయేది దాని గురించే. పాత కారు డ్యాష్‌బోర్డు వెనక ఎర్త్ పోతే ఏమవుతుంది, ఎక్కడ పోయిందో ఎలా పట్టుకోవాలి, ఎలా బాగుచేసుకోవాలి. ఇంతే సంగతి. కానీ ఈ చిన్న సంగతి తెలియక జనం వేలకు వేలు పోసి మంచి సామాను తీసి పారేస్తున్నారు. అది చూసి నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

నేను ఐటీఐలో ఆటో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పినవాణ్ణి. ఒకసారి కైకలూరు వైపు నుంచి ఒక రైతు విజయవాడలో మా ఇంటికి వచ్చారు. పాత కారు. వాళ్ళ నాన్నగారు కొన్నది. ఆయన నాతో అన్నమాట ఇది. "మాస్టారూ, ఇది మా నాన్నగారి బండి. దీన్ని అమ్మలేను. అలాగని పెట్రోల్ ఎంతుందో తెలియకుండా రోడ్డెక్కలేను. ట్యాంకులో తేలే బుడ్డి రెండుసార్లు మార్పించాను. మీటరు ఒకసారి మార్పించాను. ముల్లు ఊగడం మానలేదు."

ఆయన చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. మార్పించినప్పుడు తీసేసిన పాత సామానంతా అందులో దాచుకున్నారు. నేను ఒక్కొక్కటీ తీసి పరీక్ష చేశాను. రెండు బుడ్లూ బాగున్నాయి. మీటరూ బాగుంది. మూడూ బాగున్నవే. బాగున్నవాటిని తీసేసి, వాటి చోట బాగున్నవే పెట్టారు. జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎర్త్ అంటే ఏమిటి?

ముందు ఒక అపోహ తొలగించుకుందాం. ఇంట్లో ఎర్త్ అంటే భూమిలో పాతిన కడ్డీ. ఉప్పూ బొగ్గూ పోసి, పైన నీళ్ళు పోస్తూ ఉంటాం. దానికి మామూలు రోజుల్లో పనేమీ ఉండదు. ఎక్కడైనా లీకయినప్పుడు మన ప్రాణం కాపాడడమే దాని పని. కారులో ఎర్త్ వేరు. దానికి భూమితో సంబంధమే లేదు. కారు నాలుగు రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. కారు ఎర్త్ అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి.

బ్యాటరీకి రెండు కొసలు. ప్లస్, మైనస్. ప్లస్ నుంచి బయల్దేరిన కరెంటు బల్బులోంచో మోటారులోంచో పోయి మళ్ళీ మైనస్‌కి చేరాలి. వెళ్ళిన కరెంటు తిరిగి రావాలి. తిరిగి రాలేకపోతే అసలు బయల్దేరదు. మరి ప్రతి బల్బుకీ పోవడానికి ఒక వైరు, రావడానికి ఇంకో వైరు వేస్తే ఎంత రాగి కావాలి? అందుకని కారు తయారుచేసేవాళ్ళు ఒక తేలిక దారి చూశారు. కారు ఒళ్ళంతా ఇనుమే కదా. మైనస్‌ని ఆ ఇనుముకే బిగించారు. వెళ్ళడానికి వైర్లు. తిరిగి రావడానికి కారు ఒళ్ళు. మెకానిక్కులు దాన్నే బాడీ ఎర్త్ అంటారు.

ఇక్కడొక మాట. 1960ల మధ్య వరకూ వచ్చిన చాలా బ్రిటిష్ కార్లలో ఇది తలకిందులుగా ఉండేది. ప్లస్‌ని బాడీకి కలిపేవారు. అలాంటి పాత బండి మీ దగ్గర ఉంటే, నేను మైనస్ అన్నచోటల్లా మీరు ప్లస్ అనుకోండి. ఏది బాడీకి బిగించి ఉందో బ్యాటరీ దగ్గర ఒకసారి చూసుకుంటే తెలిసిపోతుంది. చూడకుండా మాత్రం చెయ్యి పెట్టకండి.

ఆ రైతుకి ఇదంతా చెప్తుంటే ఆయన మధ్యలో అందుకున్నారు. "అంటే కాలువా, మురుగుకాలువా అన్నమాట!" అన్నారు. నేను ఇన్నేళ్ళు పాఠం చెప్పి కూడా అంత చక్కటి పోలిక వెతుక్కోలేకపోయాను. డెల్టాలో పుట్టిన మనిషి. ఆయనకి వెంటనే తట్టింది.

మీరూ ఊహించుకోండి. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలో నీళ్ళు వస్తాయి. పంటబోదె మీదుగా చేలో పడతాయి. చేను తడిశాక మిగిలిన నీళ్ళు మురుగుకాలువలోకి దిగిపోవాలి. కాలువ గురించి అందరూ పట్టించుకుంటారు. నీళ్ళొచ్చాయా, రాలేదా అని రోజూ చూస్తారు. మురుగుకాలువ వైపు ఎవరూ చూడరు. దాంట్లో గుర్రపుడెక్క అల్లుకుపోతుంది. మట్టి పూడుతుంది. అప్పుడేమవుతుంది? నీళ్ళు ఎగదన్నుతాయి. మీ చేలో దిగాల్సిన నీళ్ళు గండి చూసుకుని పక్క చేలోకి పోతాయి. తప్పు పక్క రైతుది కాదు. మీదీ కాదు. కింద పూడిపోయిన కాలువది.

కారులోనూ అంతే. వైరు నిండా కరెంటు వస్తోంది. తిరిగి వెళ్ళే దారి పూడింది. అప్పుడు ఆ కరెంటు పక్కనున్న ఇంకో బల్బులోంచో, ఇంకో మీటరులోంచో దారి చూసుకుంటుంది. అందుకే ఇండికేటర్ వేస్తే పెట్రోల్ ముల్లు ఊగుతుంది. అందుకే బ్రేకు తొక్కితే ఇంకో లైటు మిణుకుమంటుంది. ఒక తేడా మాత్రం ఉంది. నీళ్ళు గట్టు మీదుగా పొంగుతాయి, కరెంటు పొంగదు. దానికి ఎక్కడో ఒక వైరు కలిసి ఉండాలి. డ్యాష్‌బోర్డు వెనక అలాంటి కలయికలకి కొదవలేదు.

కాబట్టి మొదటి గుర్తు ఇది. ఒక్క వస్తువు పనిచెయ్యకపోతే ఆ వస్తువునే అనుమానించండి. రెండు మూడు వస్తువులు కలిసి పిచ్చిగా ప్రవర్తిస్తే మాత్రం వాటిని అనుమానించకండి. అవన్నీ కలిసి తిరిగొచ్చే దారిని అనుమానించండి. మళ్ళీ చెప్తున్నాను. ఒకటి చెడితే వస్తువు చూడండి. కలిసి చెడితే ఎర్త్ చూడండి.

ఇప్పుడు డ్యాష్‌బోర్డు వెనక్కి పోదాం. పాత కార్లలో డ్యాష్‌బోర్డు ఇనుప రేకే. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినులు చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మీటర్లకి వెనక చిన్న పట్టీ, దాని మీద చేత్తో తిప్పే నట్టు ఉంటుంది. చాలా మీటర్లకి ఆ పట్టీ కిందే నల్ల వైరు బిగిస్తారు. లోపల వెలిగే చిన్న బల్బులు మీటరు వెనక కన్నాల్లో గుచ్చి ఉంటాయి. వాటికి విడిగా ఎర్త్ వైరు ఉండదు. మీటరు డొక్కే వాటికి ఎర్త్. ఒక మీటరు నుంచి ఇంకో మీటరుకి నల్ల వైరు దండలాగా గుచ్చుకుంటూ పోతుంది. దండలో ఒకచోట దారం తెగితే చివర పూలన్నీ రాలిపోతాయి. ఇదీ అంతే. నల్ల వైరు ఒకచోట వదులైతే దాని తర్వాతున్న మీటర్లన్నీ దారి తప్పుతాయి.

ఆ తర్వాత వచ్చిన కార్లలో మీటర్ల పెట్టె ప్లాస్టిక్‌ది. వెనక పల్చటి ప్లాస్టిక్ కాగితం మీద రాగి గీతలు అచ్చువేసి ఉంటాయి. ప్లాస్టిక్‌కి బాడీ ఎర్త్ ఉండదు. కనెక్టరులో వచ్చే ఒకట్రెండు నల్ల వైర్లే ఆ మొత్తం పెట్టెకి దిక్కు.

నల్ల వైరు అని ఊరికే అనడం లేదు. బ్రిటిష్ పద్ధతి వైరింగులో ప్రతి రంగుకీ ఒక అర్థం ఉంది. నలుపంటే ఎర్త్. గోధుమరంగంటే బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా నేరుగా వచ్చేది. తెలుపంటే తాళం తిప్పితే వచ్చేది. ఆకుపచ్చంటే తాళం తిప్పాక ఫ్యూజు దాటి వచ్చేది. అంబాసిడర్‌కి మూలం మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు. పాత కాలపు అంబాసిడర్ బండ్లలో ఈ రంగులు ఎక్కువగా కనిపించేది అందుకే. అయితే రంగుని గుడ్డిగా నమ్మకండి. 40 ఏళ్ళ బండిలో ఎంతమంది చేతులు పెట్టి ఉంటారో! ఏ వైరు దొరికితే ఆ వైరు ముడేసి టేపు చుట్టి ఉంటారు. రంగు చూసి ఊహించండి, మల్టీమీటరు పెట్టి నిర్ధారించుకోండి.

మరి ఈ దారి ఎందుకు పూడుతుంది? ముఖ్యంగా నీళ్ళు. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు ఎండకి బిరుసెక్కి పగులుతుంది. వానాకాలంలో నీటిబొట్లు ఆ సందులోంచి లోపలికి జారి, సరిగ్గా డ్యాష్‌బోర్డు వెనక పడతాయి. పైన ఎవరికీ కనిపించదు. కాళ్ళ దగ్గర పరిచిన పట్టా తడిగా ఉందంటే అది ఒక ఆనవాలు. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం లాంటి ఊళ్ళలో ఉప్పుగాలి దీనికి తోడవుతుంది. ఇనుముకి తుప్పు, రాగికి కిలుము.

ఇంకో కారణం రంగు. టింకరింగ్, పెయింటింగ్ చేయిస్తారు. బండి కొత్తదానిలా మెరుస్తుంది. కానీ ఎర్త్ బోల్టు కూర్చునే చోట కూడా రంగు కొట్టేస్తారు. రంగు పొర మీదే బోల్టు బిగిస్తారు. రంగులోంచి కరెంటు పోదు. మరలు ఏదో కాస్త గీసుకుంటే ఆ సందులోంచి కొద్దిగా పోతుంది. పెయింటింగ్ చేయించిన నెలకో రెండు నెలలకో మీటర్లు పిచ్చెక్కాయంటే, ముందుగా అక్కడ చూడండి.

మూడోది, పాటల సెట్టు బిగించేవాళ్ళు చేసే తొందరపని. కొత్త సెట్టుకి ఎర్త్ కావాలి. చేతికందిన స్క్రూ విప్పి దాని కిందే వైరు పెట్టేస్తారు. ఆ స్క్రూ అప్పటికే నాలుగు మీటర్ల ఎర్త్ మోస్తూ ఉంటుంది. మళ్ళీ సరిగ్గా బిగియదు. బండి కుదుపులకి వదులవుతుంది.

సరే, ఇప్పుడు పని మొదలుపెడదాం. పనిలో దిగేముందు చేతికున్న ఉంగరాలు, ఇనుప పట్టీ గడియారం తీసేయండి. డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి ఏదైనా విప్పే ముందు బ్యాటరీ మైనస్ వైరు ఊడదీయండి. ఎప్పుడూ మైనసే ముందు. ఎందుకో చెప్తాను. మీరు ప్లస్ విప్పుతుంటే పానా జారి బాడీకి తగిలిందనుకోండి, బ్యాటరీ కరెంటంతా ఒక్కసారి ఆ పానాలోంచి పోతుంది. నిప్పురవ్వలు లేస్తాయి. చెయ్యి కాలుతుంది. మైనస్ విప్పుతుంటే పానా బాడీకి తగిలినా ఏమీ కాదు. అది ఎలాగూ బాడీకే కదా కలిసి ఉంది. పాత బ్రిటిష్ పద్ధతి కార్లలో చాలావాటికి రెండే ఫ్యూజులు. ఎన్నో వైర్లకి అసలు ఫ్యూజే ఉండదు. అందుకే ఇంతగా చెప్తున్నాను. విప్పేటప్పుడు బ్యాటరీ ఊడదీయాలి. కొలిచేటప్పుడు మాత్రం బ్యాటరీ కలిపి ఉండాలి.

కొలవడమంటే, మామూలు మల్టీమీటరు చాలు. బజారులో కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది. దాన్ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి.

మా దగ్గర చదివిన ఒక కుర్రాడు ఆ రోజు అక్కడే ఉన్నాడు. చురుకైనవాడు. వాడు చేసిన మొదటి పని బండి మొత్తం ఆఫ్ చేసి ఎర్త్ వైరు ఓమ్‌లలో కొలవడం. "సార్, 2 ఓమ్‌లే చూపిస్తోంది. బాగానే ఉంది" అన్నాడు. చాలామంది ఇక్కడే మోసపోతారు. 2 అంటే చిన్న అంకెలా వినిపిస్తుంది. కానీ మీటర్ల లోపల 4 బల్బులున్నాయి. ఒక్కొక్కటి దాదాపు 3 వాట్లు. అన్నీ వెలిగితే దాదాపు 1 ఆంపియరు. ఆ ఒక్క ఆంపియరు ఆ 2 ఓమ్‌లు దాటి రావాలంటే ఒకటిన్నర వోల్టు పైనే అక్కడ ఖర్చయిపోతుంది. 12 వోల్టుల్లో ఒకటిన్నర వోల్టు దారి ఖర్చు! హెడ్‌లైట్ల లాంటివి 10 ఆంపియర్లు తాగుతాయి. వాటికి 0.1 ఓమ్ అడ్డం వచ్చినా 1 వోల్టు పోతుంది. వోల్టు పోతే వెలుగు దాదాపు నాలుగోవంతు పడిపోతుంది. ఆ 0.1 ఓమ్‌ని మామూలు మల్టీమీటరు పట్టుకోలేదు. మీటరు తీగల్లోనే అంతకంటే ఎక్కువ ఉంటుంది.

ఆ రైతు భాషలోనే చెప్తాను. ఎండాకాలంలో మురుగుకాలువ గట్టు మీద నడుచుకుంటూ చూస్తే ఏ లోపమూ కనిపించదు. వాన పడ్డ రోజు చూస్తే కదా పూడిక ఎక్కడుందో తెలిసేది. ఎర్త్ కూడా అంతే. లైట్లు వేసి, ఇండికేటర్ వేసి, ఏది వేస్తే ముల్లు ఊగుతుందో అవన్నీ వేసి, కరెంటు పారుతున్నప్పుడు కొలవాలి. ఓమ్‌లు కాదు, వోల్టులు కొలవాలి. ఇదే ఈ పూట నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన సంగతి. పారుతున్నప్పుడు కొలవండి.

ఎలాగంటే, మల్టీమీటరు నల్ల తీగని బ్యాటరీ మైనస్ మొన మీద ఆనించండి. క్లాంపు మీద కాదు, సీసపు మొన మీదే. తీగ డ్యాష్‌బోర్డు దాకా రాదు కాబట్టి పొడుగాటి వైరు ఒకటి జతచేసుకోండి. ఇక ఎర్ర తీగతో తిరిగొచ్చే దారి వెంబడి ఒక్కో మెట్టూ నడవండి. ముందు మైనస్ క్లాంపు. తర్వాత దాని వైరు బాడీకి బిగించినచోటు. తర్వాత డ్యాష్‌బోర్డు ఇనుము. తర్వాత మీటరు డొక్కు, దాని నల్ల వైరు. దారి బాగుంటే అన్నిచోట్లా సున్నాకి దగ్గరగా ఉంటుంది. 0.1 లోపు ఉంటే నిశ్చింత. అర వోల్టు దాటిందంటే అక్కడిదాకా వచ్చే దారిలో ఎక్కడో అడ్డం ఉంది.

ఆ బండిలో కుర్రాడి చేతే కొలిపించాను. క్లాంపు దగ్గర దాదాపు సున్నా. బాడీ దగ్గర 0.04. డ్యాష్‌బోర్డు ఇనుము మీద 0.06. మీటర్ల నల్ల వైరు మీద పెట్టగానే 1.7. ఇండికేటర్ టిక్కుమన్నప్పుడల్లా ఆ 1.7 కాస్తా 2 దాకా లేచి దిగుతోంది. సరిగ్గా ముల్లు ఊగిన తాళంలోనే.

ఆ రైతు కిటికీలోంచి లోపలికి వంగి ఆ అంకెలు చూస్తున్నారు. "పై తూము దగ్గర నీళ్ళు బాగానే దిగుతున్నాయి. కింది తూము దగ్గర ఎగదన్నుతున్నాయి. అంటే పూడిక ఈ రెండింటి మధ్యే ఉంది" అన్నారు. మా కుర్రాడు ఆయన వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. కారు గురించి ఏమీ తెలియని మనిషి. నీటి గురించి అన్నీ తెలిసిన మనిషి.

మల్టీమీటరు లేనివాళ్ళకి ఇంకో ఉపాయం ఉంది. కాస్త లావుపాటి వైరు తీసుకోండి. మధ్యలో ఒక ఫ్యూజు పెట్టుకుంటే మరీ మంచిది. ఒక కొసని బ్యాటరీ మైనస్‌కి గట్టిగా బిగించండి. రెండో కొసని అనుమానం ఉన్న మీటరు డొక్కుకి ఆనించండి. డొక్కుకే సుమా, వెనక ఉన్న వేరే వైర్లకి కాదు. ఆనించగానే ముల్లు ఊగడం ఆగిందా? లైట్లు తెల్లగా వెలిగాయా? అయితే జబ్బు ఎర్త్‌దే. కొత్త మీటరు కొనక్కర్లేదు. ఈ ఒక్క పరీక్ష ముందే చేసి ఉంటే ఆయన చేతిలో ఆ ప్లాస్టిక్ సంచి ఉండేది కాదు.

పూడిక ఎక్కడ దొరికిందో చెప్తాను. బ్యాటరీ ఊడదీసి, టార్చిలైటు పట్టుకుని, కుర్రాడు సీటు మీద వెల్లకిలా పడుకుని తల లోపలికి పెట్టాడు. మీటర్లన్నిటి నల్ల వైర్లూ కలిసి ఒక లగ్గులోకి, అంటే వైరు కొసకి బిగించే కన్నమున్న రేకు ముక్కలోకి వచ్చి, స్టీరింగు పక్కన ఇనుప పట్టీకి బిగించి ఉన్నాయి. సరిగ్గా దాని పైనే అద్దం రబ్బరు పగిలింది. బోల్టు కింద పాత రంగు, దాని మీద తుప్పు, లగ్గు నిండా ఆకుపచ్చటి కిలుము. చూడ్డానికి బోల్టు గట్టిగానే ఉంది. పానా వేస్తే కదల్లేదు కూడా. బిగుతుగా ఉందంటే బాగుందని కాదు. లోపల ఇనుమూ రాగీ ఒకదాన్నొకటి తాకడం ఎప్పుడో మానేశాయి.

బాగుచేయడం చాలా మామూలు పని. బోల్టు విప్పాలి. ఉప్పుకాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాలి. రంగు మిగలకూడదు, తుప్పు మిగలకూడదు. లగ్గు పాడైతే కొత్తది వేయాలి. పాత లగ్గు కోసేటప్పుడు వైరు లోపల రాగి పోగులు చూడండి. నల్లబడి ఉంటే ఇంకాస్త వెనక్కి కోయండి. ఎర్రటి మంచి రాగి కనిపించేదాకా కోయాలి. మేం రెండంగుళాలు కోశాం. లగ్గుకీ ఇనుముకీ మధ్య పళ్ళున్న వాషరు వేయాలి. ఆ పళ్ళు రెండింటినీ కొరికి పట్టుకుంటాయి. గట్టిగా బిగించాక, పైన కాస్త వ్యాజిలీనో గ్రీజో పూయాలి. ముందు పూయకూడదు, బిగించాకే పూయాలి. గాలీ తడీ తగలకుండా కాపాడడానికే అది. ఆ తర్వాత అద్దం రబ్బరు సంగతి చూడాలి. అది చూడకపోతే ఇంకో వానాకాలానికి మళ్ళీ ఇదే కథ.

నేను ఇంకో పని కూడా చేయిస్తాను. మీటర్ల డొక్కు నుంచి విడిగా ఒక కొత్త నల్ల వైరు వేసి, బాడీకి వేరేచోట శుభ్రంగా బిగిస్తాను. ఒక మురుగుకాలువ పూడినా ఇంకోటి పారుతుంది. దీనికయ్యే ఖర్చు ఒక టీ, రెండు గారెల ఖర్చు.

ఇలాంటివే ఇంకో రెండు గుర్తులు. కొన్ని పాత కార్లలో మీటర్ల వెనక వోల్టేజీ స్టెబిలైజర్ అని అగ్గిపెట్టెకంటే చిన్న డబ్బా ఉంటుంది. బ్యాటరీ వోల్టేజీ ఎంత మారినా పెట్రోల్ మీటరుకీ వేడి మీటరుకీ సగటున 10 వోల్టులే అందేలా చూడడం దాని పని. ఆ డబ్బాకి ఎర్త్ పోతే దాని పని ఆగిపోతుంది. అప్పుడు రెండు ముళ్ళూ కలిసి ఎక్కువ చూపిస్తాయి. ట్యాంకు నిండుగా ఉందంటుంది, ఇంజిను కాగిపోతోందంటుంది. రేడియేటర్ విప్పే ముందు ఆ డబ్బా బిగించిన స్క్రూ చూడండి. ఇక్కడా అదే సూత్రం. రెండు కలిసి చెడితే ఎర్త్ చూడండి.

రెండోది కొంచెం భయపడాల్సింది. ఇంజిను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. రబ్బరులోంచి కరెంటు పోదు. అందుకని ఇంజినుకీ బాడీకీ మధ్య ఒక లావుపాటి అల్లిక పట్టీ వేస్తారు. సెల్ఫ్ కొట్టినప్పుడు 100 ఆంపియర్ల పైన కరెంటు దాంట్లోంచి తిరిగొస్తుంది. ఆ పట్టీ తెగిపోతే అంత కరెంటూ వేరే దారి వెతుక్కుంటుంది. దొరికేవి ఏవి? డ్యాష్‌బోర్డు నుంచి ఇంజినులోకి పోయే చోక్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు, స్పీడోమీటర్ కేబులు. సన్నటి ఇనుప తీగలు అంత కరెంటు మోయలేవు. కాలిపోతాయి. సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతూ, చోక్ బొత్తాం పట్టుకుంటే వేడిగా తగిలిందంటే, ఇంక సెల్ఫ్ కొట్టకండి. ముందు ఇంజిను పట్టీ చూడండి. ఇది నిర్లక్ష్యం చేస్తే డ్యాష్‌బోర్డు వెనక నిప్పంటుకోవచ్చు.

నిప్పు అన్నాను కాబట్టి ఇంకోటి. ఇప్పటిదాకా తిరిగొచ్చే దారి పూడడం గురించి చెప్పాను. దానికి పూర్తిగా వ్యతిరేకమైన జబ్బు ఒకటుంది. వెళ్ళే వైరు తొక్క ఒరుసుకుపోయి దారి మధ్యలోనే బాడీకి తగలడం. కాలువకి గండి పడి నీళ్ళు నేరుగా మురుగులో పడడం లాంటిది. అప్పుడు బల్బు వెలగదు, ఫ్యూజు పోతుంది. మళ్ళీ వేస్తే మళ్ళీ పోతుంది. అలా పోతోందంటే ఫ్యూజు మీకు మేలు చేస్తోంది. దాని చోట సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితమో, రాగి తీగో పెట్టకండి. దయచేసి పెట్టకండి. అప్పుడు ఫ్యూజుకి బదులు వైరు కాలుతుంది. వైరు కాలితే దాని పక్కనున్న వైర్లన్నీ కాలతాయి.

మళ్ళీ ఆ బండి దగ్గరికి వస్తాను. బోల్టు బిగించి, బ్యాటరీ కలిపి, కుర్రాడు మళ్ళీ కొలిచాడు. 1.7 ఉన్నచోట 0.07 చూపించింది. పగలు పరీక్ష చేస్తే సరిపోదు. మీటర్ల లైట్లు చీకట్లోనే సరిగ్గా కనిపిస్తాయి. అందుకని ఆయన్ని చీకటి పడేదాకా ఉండమన్నాను. మా ఇంట్లోనే అన్నం తిన్నారు.

ఏడున్నరకి ఆయన స్టీరింగు ముందు కూర్చున్నారు. తాళం తిప్పారు. లైట్లు వేశారు. మీటర్లు పచ్చగా వెలిగాయి. ఇండికేటర్ వేశారు. టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది. ముల్లు పావు ట్యాంకు దగ్గర కదలకుండా నిలబడింది. ఆయన కుడి ఇండికేటర్ వేసి చూశారు. వైపర్ వేసి చూశారు. హారన్ కొట్టి చూశారు. ముల్లు అక్కడే ఉంది. "పావు ట్యాంకే ఉందా! కైకలూరు చేరుతుందా మాస్టారూ?" అన్నారు. దారిలో పోయించుకోమన్నాను.

ఆయన ప్లాస్టిక్ సంచి సీటు మీద పెట్టుకుని బయల్దేరుతుంటే మా కుర్రాడు పరుగెత్తుకెళ్ళి ఒక కాగితం ఇచ్చాడు. ఆ బండిలో ఎర్త్ బోల్టులు ఎక్కడెక్కడ ఉన్నాయో బొమ్మ గీశాడు. మొత్తం 6. ప్రతి దాని పక్కన ఆ రోజు వచ్చిన వోల్టు అంకె రాశాడు. ఆయన దాన్ని మడిచి, డ్యాష్‌బోర్డు అరలో బండి కాగితాలతో పాటు పెట్టుకున్నారు.

మీ బండికీ అలాంటి కాగితం ఒకటి రాసి పెట్టుకోండి. వానాకాలం మొదలయ్యే ముందు ఒకసారి, వెళ్ళాక ఒకసారి, లైట్లన్నీ వేసి కొలిచి, అదే కాగితం మీద పాత అంకె పక్కన కొత్త అంకె రాయండి.